నవ్వితే నొప్పి లేనట్టా?

ఉగాది సంచికకి ఏదైనా వ్రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, "షుగరు గురించో, బీపీ గురించో ఒక రెండు పేజీలు అయితే అందరికీ పనికొస్తుందండీ" అన్నారు. షుగరు గురించి మన సంచికలో ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చిందో నాకు లెక్క తెలియదు. అవి చదివి భోజనాల పంక్తిలో బొబ్బట్టు వద్దన్నవాళ్ళని మాత్రం ఇంతవరకూ చూడలేదు. అందుచేత ఆయన్ని క్షమించమని అడిగి, నేను వేరే సంగతి వ్రాస్తున్నాను. ఆసుపత్రుల్లో పిల్లల వార్డుల్లో పనిచేసే నర్సుల గురించి. మరీ ముఖ్యంగా, రక్తంలోనే జబ్బుతో పుట్టి, నెలకోసారో రెండు నెలలకోసారో అదే మంచం మీదికి తిరిగి వచ్చే పిల్లల్ని చూసుకునే నర్సుల గురించి.

ఇందులో నా తప్పు ఒకటి ఉంది. ముందు అది చెప్పుకుంటే మిగిలింది చెప్పడం సులువు.

ఇరవై ఏళ్ళ క్రిందటి మాట. కోస్తాలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో (పేరు అవసరం లేదు) హౌస్ సర్జన్‌గా పిల్లల వార్డులో ఉన్నాను. మన్యం నుంచి తొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి తీసుకొచ్చారు. సికిల్ సెల్ ఎనీమియా. మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి, వెన్నులో పోట్లు. తల్లికి తెలుగు అంతంతమాత్రం. కుర్రాడు ఒకటే ఏడుపు. వాపు కనబడింది కదా అని నేను కేసు షీటులో ఐసు పెట్టమని వ్రాసేశాను. రాత్రి పదకొండింటికి మళ్ళీ వెళ్ళి చూస్తే వాడు నర్సు చెప్పే కోతి కథ ఏదో వింటూ నవ్వుతున్నాడు. నేను వెనక్కి తిరగ్గానే మళ్ళీ మూలుగు. "చూశారా సిస్టర్, వీడికి అంత నొప్పి ఏమీ లేదు, ఇంజెక్షన్ కోసం నటిస్తున్నాడు. పొద్దున్న చూద్దాం" అన్నాను.

ఆవిడ శ్రీకాకుళం వైపు మనిషి. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. గొంతు పెంచలేదు. "నవ్వితే నొప్పి లేనట్టేనా, డాక్టరమ్మా? నొప్పితోటి నవ్వడం నేర్చుకున్నాడు వాడు. పుట్టిన కాడినుంచీ ఇదే కదా వాడి బతుకు" అంది. ఐసు కూడా పెట్టలేదని అప్పుడు చూశాను. సెలైను సీసాలో వేడినీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి, మోకాళ్ళ ప్రక్కన పెట్టి ఉంచింది. నేను వ్రాసినదాన్ని అందరి ముందూ తప్పు అనకుండా తన పాటికి తాను సరిచేసింది. ఆ రాత్రే పెద్ద డాక్టరు గారికి ఫోను చేయించిందీ ఆవిడే. తెల్లవారేసరికి కుర్రాడికి ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తుల్లోకి పాకింది. ముందే కనిపెట్టి ఆక్సిజన్, మందులు, రక్తం అన్నీ సిద్ధంగా ఉంచబట్టి బతికాడు.

ఆవిడకి నేను "నాది పొరపాటు" అని చెప్పలేదు. డాక్టర్లం చెప్పం. ఆ తరువాత నా పోస్టింగు మారిపోయింది.

ఐసు ఎందుకు తప్పో చెప్పాలి, ఎందుకంటే జబ్బు అంతా అందులోనే ఉంది. ఎర్ర రక్తకణం మామూలుగా గుండ్రంగా, మెత్తగా ఉండి ఎంత సన్నటి నాళంలోంచైనా వంగి జారిపోతుంది. ఈ జబ్బులో హిమోగ్లోబిన్ గొలుసులో ఆరో స్థానంలో ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ వచ్చి కూర్చుంటుంది. అంతే తేడా. ఆ ఒక్క మార్పుతో ప్రాణవాయువు తగ్గినప్పుడల్లా కణం కొడవలిలా వంగి, బిరుసెక్కి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. వెనక వచ్చే రక్తం ఆగిపోతుంది. ఎముకలోపల ఆగితే ఎముక పోటు, ఊపిరితిత్తుల్లో ఆగితే ఆయాసం, మెదడులో ఆగితే పక్షవాతం. అయిదారేళ్ళ పిల్లలకి పక్షవాతం! చల్లదనం తగిలితే నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గినా, జ్వరం వచ్చినా, బాగా అలసినా అంతే. మామూలు కణం నూట ఇరవై రోజులు బతికితే ఈ కొడవలి కణం పది ఇరవై రోజులకే చచ్చిపోతుంది. అందుకే ఆ పిల్లలు ఎప్పుడూ పాలిపోయి, కళ్ళు పచ్చబడి ఉంటారు.

షికాగోలో హెరిక్ అనే డాక్టరు 1910లో మొదటిసారి దీన్ని పత్రికకెక్కించాడు. రోగి గ్రెనడా ద్వీపం నుంచి దంతవైద్యం చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో కనుగొన్నారు. అప్పటిదాకా ఇది ఆఫ్రికా వాళ్ళ జబ్బనుకునేవారు. మన అరకు, పాడేరు కొండల్లోనూ, అదిలాబాదు అడవుల్లోనూ ఉంది. భారత ప్రభుత్వం 2023 జూలై 1న షాడోల్‌లో ప్రారంభించిన కార్యక్రమం ఏడు కోట్ల మందికి పరీక్ష చేసి, 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని పెట్టుకుంది. అదే సంవత్సరం చివర్లో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ జన్యువునే సరిచేసే చికిత్సకి అనుమతి ఇచ్చారు. ఖరీదు ఇరవైరెండు లక్షల డాలర్లు. పాడేరు సంతలో పసుపు అమ్ముకునే తల్లికి ఆ వార్త చెప్పి ప్రయోజనం లేదు. ఆ తల్లికి ఈ రాత్రి కావలసింది, పిల్లవాడి మంచం దగ్గర తెలివైన మనిషి ఒకరు.

ఆ మనిషి నర్సు. ఇది మర్యాద కోసం అంటున్న మాట కాదు, లెక్క చూసి అంటున్నాను. డాక్టరు రౌండ్సులో ఒక్కో మంచం దగ్గర ఎంతసేపు ఉంటాడు? అయిదు నిమిషాలు ఉంటే గొప్ప. మిగిలిన ఇరవైమూడు గంటల యాభై అయిదు నిమిషాలూ ఎవరివి? పిల్లవాడు నీళ్ళు తాగుతున్నాడా, సెలైను సరిగ్గా ఎక్కుతోందా, మూత్రం ఎంత అయింది, ఊపిరి పైపైన తీస్తున్నాడా? వెన్నుపోటు ఉన్న పిల్లవాడు భయపడి గట్టిగా ఊపిరి తీయడు, అలా తీయకపోతే ఊపిరితిత్తి అడుగు భాగం మూసుకుపోయి పెద్ద ప్రమాదం వస్తుంది. అందుకని బుడగలు ఊదించాలి. డాక్టరు "శ్వాస వ్యాయామం" అని ఒక్క మాట వ్రాసి వెళ్ళిపోతాడు. నొప్పితో ముడుచుకుపోయిన పిల్లవాడిచేత గంటకి పదిసార్లు బుడగ ఊదించడం ఎంత పనో ఊదించినవాళ్ళకే తెలుసు.

ఇక నొప్పి. థర్మామీటరు పెట్టి చూసేది కాదు, రక్తపరీక్షలో తేలేది కాదు. చెప్పినవాడి మాట నమ్మడం ఒక్కటే దారి. చెప్పేవాడు పిల్లవాడైతే, వాడి భాష మన భాష కాకపోతే? అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలోని టల్సా ఊళ్ళో, కాలిన గాయాల వార్డులో పిల్లల బాధ చూసి 1980లలో డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ అనే సహోద్యోగినితో కలిసి ఆరు ముఖాల బొమ్మ తయారు చేసింది. నవ్వు ముఖం దగ్గర మొదలై కన్నీళ్ళ ముఖం దాకా. నీది ఏ ముఖమో వేలుపెట్టి చూపించు అంటే మూడేళ్ళ పిల్ల కూడా చూపిస్తుంది. ప్రపంచమంతా వాడుతున్న ఈ బొమ్మ పుట్టింది ఒక నర్సు చేతుల్లో. మన వైద్య కళాశాలల్లో ఆ పేరు ఎవరూ చెప్పరు, నాకూ చెప్పలేదు.

మాదకద్రవ్యాల భయం ఒకటి మధ్యలో ఉంది. మార్ఫిన్ ఇస్తే అలవాటు పడిపోతారని మేం అందరం బెదిరిపోయేవాళ్ళం. 1985 నాటి చట్టం కింద లైసెన్సుల మీద లైసెన్సులు కావలసివచ్చి చాలా ఆసుపత్రులు అసలు తెప్పించుకోవడమే మానుకున్నాయి. 2014లో చట్టం సవరించారు. కాని చట్టం మారినంత తొందరగా డాక్టరు మనసు మారదు. నేను ఆ రాత్రి "నటిస్తున్నాడు" అన్నది ఆ భయంలోంచే వచ్చింది. అమెరికాలో ఇదే మాట నల్లజాతి పిల్లల్ని తరాల తరబడి అన్నారు. మనం మన్యం పిల్లల్ని అన్నాం. అన్నవాళ్ళం చదువుకున్నవాళ్ళం.

మారిలిన్ గాస్టన్ అనే ఆవిడ కథ చదివినప్పుడు నాకు కాస్త ఊరట కలిగింది. 1964లో ఫిలడెల్ఫియాలో ఇంటర్నుగా ఉండగా చెయ్యి వాచిన పసిబిడ్డ ఒకడు వస్తే, అది సికిల్ సెల్ అన్న ఆలోచనే ఆవిడకి తట్టలేదట. ఆ తప్పు ఆవిడ మరిచిపోలేదు. రోజూ పెన్సిలిన్ ఇస్తే ఈ పిల్లల్లో ఒక రకం ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గుతాయని 1986లో నిరూపించి చూపించింది. అయితే ఆ పెన్సిలిన్ రోజుకి రెండు పూటలా, ఏళ్ళ తరబడి పడాలి. అది ఎవరివల్ల అవుతుంది? "అమ్మా, జ్వరం వస్తే రేపు చూద్దామనకు, ఆ పూటే పట్టుకురా" అని వందసార్లు చెప్పేవాళ్ళవల్ల అవుతుంది. జమైకాలో తల్లులకి పిల్లల పొట్ట తడిమి ప్లీహం పెరిగిందో లేదో చూసుకోవడం నేర్పారు. రక్తమంతా ప్లీహంలోకి చేరిపోతే పిల్లలు గంటల్లో చనిపోతారు. తల్లి వేళ్ళకి ముందే తెలియడంతో ఆ మరణాలు బాగా తగ్గాయి. దానికి యంత్రం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. ఓపికగా నేర్పే మనిషి కావాలి.

ఇదంతా రంగూన్‌లో ఉన్న మనకెందుకు అంటారేమో. వస్తున్నాను.

మా వారి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చిన నాకు ఇక్కడ ప్రాక్టీసు లేదు. మా వీధిలో ఒక బర్మా కుటుంబం పాపకి తలసీమియా. వాళ్ళమ్మకి తోడుగా కొన్నిసార్లు రంగూన్ పిల్లల ఆసుపత్రికి వెళ్ళాను. రక్తం ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోయే పిల్లల వార్డు. ఇక్కడ సికిల్ సెల్ కాదు, తలసీమియా, హిమోగ్లోబిన్-ఇ ఎక్కువ. అక్కడ ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోతే, ఇక్కడ ఇరవైఆరో స్థానంలో అదే గ్లుటామిక్ ఆమ్లం పోయి లైసిన్ వచ్చింది. రెండింటి వెనకా ఉన్నది మలేరియానే. కొండల్లో, అడవుల్లో మలేరియాకి తట్టుకుని బతికినవాళ్ళ రక్తంలో ఈ మార్పులు నిలిచిపోయాయి. ఒక్క పాలు వస్తే రక్షణ. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పాళ్ళూ వస్తే జబ్బు.

ఆ వార్డులో నర్సు పాప దగ్గరికి వచ్చి ముందు సూది చూపించదు. "ఇవాళ ఏ చెయ్యి ఇస్తావు?" అని అడుగుతుంది. పాప ఆలోచించి ఎడమ చెయ్యి ఇస్తుంది. ఆరేళ్ళ పిల్లకి తన ఒంట్లో ఏ నరం బాగా దొరుకుతుందో తెలుసు. రక్తం మొదలుపెట్టాక మొదటి పదిహేను నిమిషాలూ ఆవిడ కదలదు. రక్తం పడకపోతే తెలిసేది ఆ కాసేపట్లోనే. చలి, దద్దుర్లు, వెన్నునొప్పి, ఏదైనా సరే. అవతల నలుగురు పిల్లలు పిలుస్తున్నా అక్కడే కూర్చుంటుంది. మూడు నాలుగు వారాలకోసారి రక్తం. రక్తంతోపాటు పేరుకునే ఇనుము తీసేయడానికి మళ్ళీ మందులు. మాత్రలు రాకముందు చిన్న పంపుకి సూది తగిలించుకుని, వారంలో అయిదారు రాత్రులు, రాత్రికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పొట్ట చర్మం కిందికి ఎక్కించుకోవలసి వచ్చేది. ఆ సూది గుచ్చడం తల్లికి నేర్పేదీ నర్సే. వణికే చేతులు పట్టుకుని.

ఇక్కడ పిల్లలు నర్సుని పిలిచే పిలుపు నాకు మహా ఇష్టం. "సయామా" అంటారు. బళ్ళో పంతులమ్మనీ అలాగే పిలుస్తారు, లేడీ డాక్టరునీ అలాగే. ముగ్గురికీ ఒకటే మాట. మన దగ్గర డాక్టరు "గారు", పంతులు "గారు", నర్సు మాత్రం "సిస్టర్". పిలుపులో అక్కచెల్లెలే, పెళ్ళి సంబంధం దగ్గరికి వస్తే కాదు. మన సంఘంలోనే ఒక ఇంట్లో, అమ్మాయి నర్సింగు చదువుతానంటే "ఇంకేమీ దొరకలేదా" అన్న మాట నా చెవులారా విన్నాను. అన్నవాళ్ళింట్లో ముగ్గురు ఇంజనీర్లున్నారు. వాళ్ళ నాన్నగారికి జబ్బు చేసినప్పుడు ఒళ్ళు తుడిచి పక్క మార్చింది ఆ ముగ్గురూ కాదు. తెలుగునాట ఆసుపత్రుల్లో మలయాళీ సిస్టర్లు ఇంతమంది ఎందుకున్నారో ఆలోచించారా? వాళ్ళకి ఉద్యోగాలు కావాలి, నిజమే. మన పిల్లల్ని మనం పంపించకపోవడం దానికి సగం కారణం. 2021 తరువాత ఇక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో మనుషులు ఎంత తగ్గారో ఈ ఊళ్ళో ఉన్న మనందరికీ తెలిసిందే. ఆ వివరాల్లోకి ఈ సంచికలో వెళ్ళను. మిగిలినవాళ్ళు ఇద్దరి పని ఒకరు చేస్తున్నారన్నది మాత్రం కళ్ళతో చూశాను.

మనకెందుకు అన్నదానికి అసలు జవాబు ఇది. మన పెద్దలు కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చారు. అందుకే ఇక్కడ మనవాళ్ళకి "కోరంగీలు" అని పేరుపడింది. రేవులో బస్తాలు మోశారు, 1930 మే నెల అల్లర్లలో దెబ్బలు తిన్నారు, 1942లో కాలినడకన కొండలు దాటారు. ఉండిపోయినవాళ్ళు మాత్రం మేనరికాలు వదల్లేదు. అక్క కూతురు, మేనత్త కొడుకు. దూరదేశంలో మనవాళ్ళంటూ మిగిలింది వాళ్ళే కాబట్టి అలా చేసుకున్నారు, తప్పనను. కాని ఒకే ఇంటి రక్తంలో దాగున్న లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం మేనరికంలో ఎక్కువ. సరే, కొత్త తరం బయట చేసుకుంటోంది, బర్మా అమ్మాయిలని, అబ్బాయిలని. అది మంచిదే. కాని అక్కడా ఒక చిక్కుంది. భారతదేశం నుంచి తెచ్చుకున్న బీటా తలసీమియా పాలు మన అబ్బాయిలో ఉండి, హిమోగ్లోబిన్-ఇ ఆ అమ్మాయిలో ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ఆ జబ్బు వచ్చే అవకాశం. ఇద్దరూ పైకి నిక్షేపంగా ఉంటారు. మనదేశంలో సగటున నూటికి ముగ్గురు నలుగురిలో ఈ బీటా పాలు ఉందని అంచనా. మన సంఘం భోజనాలకి వచ్చేవాళ్ళలో ఎంతమంది ఉంటారో మీరే లెక్కవేసుకోండి.

తెలుసుకోవడానికి కావలసింది కాస్త రక్తం, ఒక పరీక్ష. జాతకాలు పదిరోజులు చూసేవాళ్ళం, దీనికి ఒక పూట ఇవ్వలేమా? సైప్రస్ అనే చిన్న ద్వీపంలో తలసీమియా ఇంటింటి సమస్య అయినప్పుడు, పరీక్ష చేయించుకున్న కాగితం తెస్తేగాని పెళ్ళి చేయమని 1980లలో చర్చివాళ్ళే పట్టుబట్టారు. ఆ తరువాత జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. పెళ్ళిళ్ళేమీ ఆగిపోలేదు. తెలిసి చేసుకున్నారు, గర్భంలోనే పరీక్ష చేయించుకున్నారు. మన పురోహితుల వారు ముహూర్తం పెట్టేముందు ఈ మాట ఒక్కసారి అడిగితే నా వ్యాసాలు పది చేయలేని పని అవుతుంది. ఫలితం వచ్చాక "ఆ పిల్లలో లోపం ఉందట" అని చెవులు కొరుక్కునేవాళ్ళు బయలుదేరుతారు, అది కూడా తెలుసు. అమెరికాలో 1970లలో పరీక్షలు తొందరపడి మొదలుపెట్టి, విడమరిచి చెప్పకపోవడంతో ఆ పాలున్నవాళ్ళని ఉద్యోగాలకీ బీమాకీ కూడా దూరం పెట్టారు. ఒక్క పాలు ఉండటం జబ్బు కాదు. ఈ మాట విడమరిచి చెప్పడానికి నేనున్నాను, నాతోబాటు ఇంకో ఇద్దరు డాక్టర్లున్నారు మన సభ్యుల్లో.

ప్రతి ఉగాదికీ మనం వేదిక మీదికి పిలిచి శాలువా కప్పేది ఎవరికి? డాక్టర్లకి, ఇంజనీర్లకి, చందా ఎక్కువ ఇచ్చినవారికి. నాకూ ఒకసారి కప్పారు, బీరువాలో ఉంది. ఈసారి ఆ పిల్లల వార్డు నుంచి ఇద్దరు సయామాలని పిలుద్దామని కమిటీకి వ్రాశాను. "వాళ్ళకి తెలుగు రాదు కదా" అని ఒక పెద్దమనిషి అన్నారు. మన సభలకి వచ్చే ముఖ్య అతిథుల్లో ఎందరికి వచ్చుననీ!

ఇంకొక విన్నపం. ఇక్కడి బౌద్ధులు పుట్టినరోజుకి వెళ్ళి రక్తం ఇచ్చి వస్తారు, దానం చేస్తే కుథో వస్తుందని. పుణ్యం అన్నమాట. మనవాళ్ళు ఈ ఊళ్ళో తరాలుగా ఉంటున్నాం. అన్నదానాలు చేశాం, గుళ్ళు కట్టుకున్నాం. రక్తం దగ్గరికి వచ్చేసరికి నీరసం వస్తుందని భయం. మొన్న ఆ వార్డులో రక్తం కోసం పాప రెండు గంటలు ఎదురుచూడవలసి వచ్చింది. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ నన్ను చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో, మీది ఏ గ్రూపు అని అడిగింది. డాక్టర్ని అయి ఉండి, ఈ దేశంలో ఇన్నేళ్ళుండి, ఒక్కసారీ ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది. మరుసటి వారం వెళ్ళి ఇచ్చి వచ్చాను.

పండుగ మరుసటి ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మళ్ళీ వెళుతున్నాను. రాదలచినవారు ముందుగా నాకు ఫోను చేయండి, వాహనం మా వారు చూసుకుంటామన్నారు. ముందురోజు రాత్రి పేకాటకి కూర్చోకుండా కంటినిండా నిద్రపోండి. ఖాళీ కడుపుతో రావద్దు, ఇడ్లీ తిని, నీళ్ళు బాగా తాగి రండి. తిరిగి వచ్చాక అందరికీ మా ఇంట్లో పులిహోర, మజ్జిగ. పెళ్ళికెదిగిన పిల్లలున్నవాళ్ళు వాళ్ళని కూడా తీసుకురండి, ఆ పరీక్ష సంగతి దారిలో మాట్లాడుకుందాం.